ఎర్ర మందు లెక్క

"యాంటీబయాటిక్ అంటే జ్వరానికో, చీము పట్టిన పుండుకో వాడేది కదా, క్యాన్సర్‌కి అదేం చేస్తుంది?" కీమో వార్డు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్న ఇది. దాని వెనకే ఇంకోటి వస్తుంది, మొదటిదానికన్నా సూటిగా: "గుండె దెబ్బతినొచ్చని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. తెలిసి తెలిసి అలాంటి మందు ఎందుకిస్తున్నారు?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండూ ఒకే మందు గురించినవి. దాని పేరు డాక్సోరూబిసిన్. కేస్ షీట్లలో చాలామంది డాక్టర్లు ఇప్పటికీ అడ్రియామైసిన్ అనే రాస్తారు. ఎక్కించుకునేవాళ్లకు మాత్రం అది ఎర్ర మందు. సీసాలో ముదురు ఎరుపుగా ఉంటుంది, సిరంజిలోకి తీసినా అంతే. ఎక్కించిన రోజూ మర్నాడూ మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందుగా చెప్పి ఉంచకపోతే రక్తం పోతోందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అది రక్తం కాదు, మందు రంగే.

ఈ మందు వైద్యంలోకి వచ్చి 50 ఏళ్లు దాటింది. ఈలోపు క్యాన్సర్‌కి ఎన్నో కొత్త మందులు వచ్చాయి. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి దేశంలోనూ అందుబాటులో ఉండి తీరాలని చెప్పే మందుల జాబితాలో దీని పేరు అలాగే ఉంది. దీనికి భయపడి వైద్యం మానుకుంటే ప్రాణం పోతుంది. లెక్క చూసుకోకుండా వాడితే గుండె పోతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ లెక్క గురించే. అది డాక్టరు దగ్గర ఉంటే సరిపోదు, రోగి చేతిలో కూడా ఉండాలి.

మట్టిలో పుట్టిన మందులు

తొలకరి చినుకులు పడగానే గుప్పుమనే మట్టి వాసన నిజానికి మట్టిది కాదు. అందులో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే ఒక రసాయనానిది. చిటికెడు మట్టిలో ఇవి లెక్కలేనన్ని ఉంటాయి. అక్కడ తిండికీ చోటుకీ విపరీతమైన పోటీ. చుట్టూ ఉన్న ఇతర సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి ఇవి రకరకాల విషాలు తయారుచేసుకుంటాయి. ఆ విషాల్లో మనకు పనికొచ్చినవాటికే యాంటీబయాటిక్‌లని పేరు పెట్టుకున్నాం.

అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో సెల్మన్ వాక్స్‌మన్ బృందం మట్టి జీవులను వరసగా వెతుకుతూ పోయింది. క్షయకు తొలి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికింది అక్కడే. అంతకు మూడేళ్ల ముందు, 1940లో, వాక్స్‌మన్, ఆయన దగ్గర పనిచేసిన బాయిడ్ వుడ్రఫ్ కలిసి ఆక్టినోమైసిన్ అనే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నారు. క్రిములను అది బ్రహ్మాండంగా చంపింది. దానితోపాటు ప్రయోగశాలలోని జంతువులను కూడా చంపింది. మందుగా పనికిరాదని పక్కన పెట్టేశారు. 1950లలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాని చెల్లెలైన ఆక్టినోమైసిన్-డిని పసిపిల్లల కిడ్నీలో వచ్చే విల్మ్స్ గడ్డకు వాడి ఫలితం చూపించాడు. క్రిముల మందుగా ఓడిపోయింది క్యాన్సర్ మందుగా నిలబడింది.

ఫార్బర్ పేరు వచ్చింది కాబట్టి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావును తలవకుండా ముందుకు వెళ్లలేను. అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు ఆయన సారథిగా ఉన్నప్పుడు ఆ ప్రయోగశాలల్లో రెండు పనులు పక్కపక్కనే నడిచాయి. ఒకవైపు బెంజమిన్ డగ్గర్ మట్టి జీవుల్లోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. ఇంకోవైపు ఫోలిక్ ఆమ్లానికి అడ్డం పడే అమినోప్టెరిన్ తయారైంది. దాన్నే ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగానైనా లొంగిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు. క్రిములను చంపే మందుల అన్వేషణ, క్యాన్సర్ మందుల అన్వేషణ మొదట్నుంచీ ఎంత దగ్గర చుట్టాలో చెప్పడానికి మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

ఇక ఎర్ర మందు కథ ఇటలీలో మొదలవుతుంది. దక్షిణ ఇటలీలోని అపూలియా ప్రాంతంలో కాస్టెల్ దెల్ మోంటే అని 13వ శతాబ్దపు కోట ఉంది. మిలాన్‌లోని ఫార్మిటాలియా అనే మందుల సంస్థ పరిశోధకులకు ఆ కోట పరిసరాల మట్టిలో ఎర్రటి పదార్థం తయారుచేసే కొత్త స్ట్రెప్టోమైసిస్ రకం దొరికింది. దాన్నుంచి తీసిందే డానోరూబిసిన్. 1960లలో రక్త క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూస్తే బాగా పనిచేసింది. కానీ కొందరికి గుండె బలహీనపడి ప్రాణం మీదికి వచ్చింది.

పరిశోధకులు వెనక్కి తగ్గలేదు. ఆ జీవి జన్యువుల్లో రసాయనాలతో మార్పు తెచ్చి పెంచారు. మారిన రకం ఇంకో ఎర్ర పదార్థం ఇచ్చింది. ఫెదెరికో ఆర్కమోనె బృందం 1969లో దాని వివరాలు ప్రచురించింది. పాత అణువుకీ కొత్తదానికీ తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఆ ఒక్క పరమాణువుతో రక్త క్యాన్సర్‌కే పరిమితమైన మందు కాస్తా రొమ్ము, ఎముక, లింఫు గ్రంథుల గడ్డల మీద కూడా పనిచేసే మందైంది. పక్కనున్న ఆడ్రియాటిక్ సముద్రం పేరు కలిపి దానికి అడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. 1974లో అమెరికా అనుమతి ఇచ్చింది. గుండెకు చేటు చేసే గుణం మాత్రం పోలేదు.

తాడు, ముడి, కోత

పెన్సిలిన్ మనల్ని ఏమీ చేయకుండా క్రిమిని ఎలా చంపుతుంది? బ్యాక్టీరియా చుట్టూ ఒక గట్టి గోడ ఉంటుంది. పెన్సిలిన్ ఆ గోడ కట్టుకోనివ్వదు. మన కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి మనకు హాని తక్కువ. చాలా యాంటీబయాటిక్‌ల గుట్టు ఇదే: క్రిమిలో ఉండి మనలో లేని చోటు చూసి కొడతాయి.

డాక్సోరూబిసిన్ కొట్టేది డీఎన్ఏని. డీఎన్ఏ బ్యాక్టీరియాలోనూ ఉంది, క్యాన్సర్ కణంలోనూ ఉంది, మన జుట్టు కుదుళ్లలోనూ గుండెలోనూ ఉంది. అందుకే ఇది జ్వరానికి రాసే మందు కాలేకపోయింది. మెడికల్ షాపులో దొరికే యాంటీబయాటిక్ మాత్రలు క్యాన్సర్‌కి ఎందుకు పనికిరావో కూడా ఇక్కడే తెలుస్తుంది. పుట్టుక ఒకటే గాని అవి కొట్టే చోటు వేరు.

డీఎన్ఏ దగ్గర ఈ మందు ఏం చేస్తుందో తెలియాలంటే రెండు పేటల కొబ్బరి తాడు ఒకటి చేతిలోకి తీసుకోండి. రెండు కొసలూ ఎవరినైనా గట్టిగా పట్టుకోమని, మధ్యలో వేళ్లు దూర్చి పేటలను విడదీయండి. మధ్యలో కాస్త విడుతుంది గాని, ఆ పక్కా ఈ పక్కా పురి ఇంకా బిగుసుకుంటుంది. ఇంకొంచెం లాగితే తాడు మెలికపడి తనమీద తానే చుట్టుకుంటుంది. ఇక వేళ్లు కదలవు. అప్పుడు దారి ఒక్కటే. ఒకచోట తాడును కోసి, మెలిక వదలగొట్టి, మళ్లీ అతకాలి.

మన డీఎన్ఏ కూడా రెండు పేటల పురి. ఒక్క కణంలో ఉన్నదాన్ని సాగదీస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. కంటికి కనిపించని కేంద్రకంలో అంతా కుక్కి ఉంటుంది. కణం రెండుగా చీలాలంటే ఈ తాడు మొత్తాన్ని విప్పి, నకలు తీయాలి. విప్పేకొద్దీ మెలికలు పడతాయి. వాటిని తీయడానికి కణంలో ఒక ఎంజైము ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని టోపోఐసోమరేజ్-2 అంటారు, మనం మెలికలు తీసే ఎంజైము అందాం. అది రెండు పేటలనూ ఒకచోట కోస్తుంది, ఆ సందులోంచి తాడు ఇంకో భాగాన్ని దాటిస్తుంది, వెంటనే అతికేస్తుంది. కోయడం, దాటించడం, అతకడం క్షణాల్లో జరిగిపోతాయి.

డాక్సోరూబిసిన్ అణువు చాలావరకు బల్లపరుపుగా ఉంటుంది. అది డీఎన్ఏ పేటల సందుల్లోకి దూరి, మెలికలు తీసే ఎంజైమును సరిగ్గా కోత కోసిన క్షణంలో పట్టేస్తుంది. కోత పడింది, అతుకు పడలేదు. తెగిన తాళ్లు అలా పోగవుతూ ఉంటే కణం వాటిని బాగుచేసుకోలేక చచ్చిపోతుంది. ఎంత వేగంగా చీలే కణమైతే అంత ఎక్కువగా ఈ ఎంజైము మీద ఆధారపడుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే.

ఆరోగ్యంగా ఉండి కూడా వేగంగా చీలే కణాలు మనలో ఉన్నాయి: జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, ఎముక మూలుగ. అందుకే మొదటి మోతాదు తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఈ మూడూ తిరిగి కోలుకునేవే. వైద్యం ముగిశాక జుట్టు మళ్లీ వస్తుంది. అయితే మూడోది కోలుకునేలోపు ప్రాణం తీయగలదు. మందు ఎక్కిన 10 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే అది మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవడానికి లేదు. ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి, వెళ్లగానే "కీమో నడుస్తోంది" అన్న మాట ముందు చెప్పాలి.

ఎవరికి ఇస్తారు

ఈ మందును ఒంటరిగా ఇవ్వడం తక్కువ. మిలాన్‌లో జియాన్ని బొనదొన్న అనే డాక్టరు 1970లలో హాజ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు నాలుగు మందులు కలిపి ఏబీవీడీ అనే పద్ధతి తెచ్చాడు. అందులో మొదటి అక్షరం అడ్రియామైసిన్‌దే. రెండోది బ్లియోమైసిన్, అది కూడా స్ట్రెప్టోమైసిస్ ఇచ్చిన యాంటీబయాటిక్ సంతతే, జపాన్‌లో దొరికింది. హాజ్‌కిన్ జబ్బు ఈ రోజు ఎక్కువమందిలో పూర్తిగా నయమవుతోందంటే ఆ కలయిక పాత్ర చాలా ఉంది.

రొమ్ము క్యాన్సర్‌కు సైక్లోఫాస్ఫమైడ్‌తో కలిపి ఇస్తారు, దాన్ని ఏసీ అంటారు. ఇతర లింఫోమాలకు ఆర్-చాప్ అనే కలయికలో ఇస్తారు. పిల్లల రక్త క్యాన్సర్, ఎదిగే వయసులో మోకాలి దగ్గర ఎక్కువగా వచ్చే ఎముక క్యాన్సర్, కండరాల్లో వచ్చే సార్కోమాలు, విల్మ్స్ గడ్డ, మూత్రాశయ క్యాన్సర్, అన్నిట్లోనూ దీని వాడకం ఉంది. కాలేయ క్యాన్సర్‌లో దీన్ని సన్నని గొట్టం ద్వారా నేరుగా గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళంలోకే పంపి, ఆ నాళాన్ని మూసేసే పద్ధతి కూడా ఉంది.

ఈ జాబితాలో ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. వీటిలో చాలా జబ్బులు నయమయ్యేవి, వచ్చేవి చిన్న వయసులో. అంటే ఈ మందు తీసుకున్న పిల్ల ఇంకా 50, 60 ఏళ్లు బతకాల్సిన పిల్ల. గుండె గురించిన బెంగ అంతా అక్కడే ఉంది.

సూది గుచ్చిన చోట

గుండె దాకా వెళ్లేముందు చేతి దగ్గర ఆగాలి. ఈ మందు ఇచ్చేటప్పుడు కీమో నర్సు ఏం చేస్తుందో గమనించండి. కాన్యులా పెట్టి ముందు సెలైన్ ధారాళంగా పోతోందో లేదో చూస్తుంది. సిరంజి పిడిని కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తోందా అని చూస్తుంది. అప్పుడు పోతున్న సెలైన్ పక్క దారిలోంచి ఎర్ర సిరంజిని కొద్దికొద్దిగా, నిమిషాల తరబడి నొక్కుతుంది. అంతసేపూ ఆమె కళ్లు సిరంజి మీద ఉండవు, రోగి చేతి చర్మం మీద ఉంటాయి. "మంటగా ఉందా అమ్మా, చురుక్కుమంటోందా?" అని మాటిమాటికీ అడుగుతుంది.

అది మర్యాదకు అడిగే ప్రశ్న కాదు. మందు రక్తనాళంలో ఉన్నంతసేపు ఫరవాలేదు. నాళం చిట్లి చుక్క బయటికి పోయి కండలో చేరిందా, అక్కడి కణాలను చంపుతుంది. చచ్చిన కణాల్లోంచి విడుదలై పక్క కణాలలోకి చేరి వాటినీ చంపుతుంది. మొదట ఎర్రబడడం, వాపు. రోజులు గడిచాక బొబ్బలు, నలుపు, మానని పుండు. కొందరికి చర్మం తీసి అతకాల్సి వస్తుంది. కాబట్టి కొంచెం మంటే కదా అని పళ్ల బిగువున ఓర్చుకోవడం ఇక్కడ పనికిరాదు. మన ఆడవాళ్లు చాలామంది నర్సును ఇబ్బంది పెట్టడం ఎందుకని నోరు మెదపరు. దయచేసి చెప్పండి. వెంటనే చెబితే మందు ఆపి, అదే సూదిలోంచి చేరినంత వెనక్కి లాగేసి, చల్లటి కాపడం పెడతారు. డెక్స్‌రజోక్సేన్ అనే విరుగుడు ఉంది, 6 గంటల్లోపు మొదలుపెట్టాలి. వేడి కాపడం మాత్రం పెట్టకూడదు. ఇంటికి వచ్చాక చెయ్యి ఎర్రబడితే తవుడు మూట కాచి పెట్టే అలవాటు మనకు ఉంది, ఈ మందు విషయంలో అది చేటు. నాళాలు సన్నగా ఉన్నవాళ్లకు ఛాతీ దగ్గర చర్మం కింద మందు ఎక్కించే పోర్ట్ పెట్టించుకోవడం మేలు.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక జాగ్రత్త. మందు తర్వాత 2 రోజులపాటు రోగి మూత్రం, వాంతి శుభ్రం చేసేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి. మరుగుదొడ్డి ఫ్లష్ రెండుసార్లు కొట్టాలి, మూత ఉంటే మూసి కొట్టాలి. తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. గర్భంతో ఉన్న కోడలో కూతురో ఉంటే ఆ పని ఆమెకు అప్పగించకూడదు. పక్కన కూర్చోవడం, కలిసి భోంచేయడం, పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, వీటికి మాత్రం అడ్డేమీ లేదు. రోగిని వెలివేసినట్టు వేరే గదిలో పెట్టనక్కర్లేదు.

గుండె మీదికి ఎందుకు పోతుంది

గుండె కండరపు కణాలు దాదాపుగా చీలవు. మరి వేగంగా చీలే కణాలను కొట్టే మందు వాటిని ఎందుకు కొట్టాలి? ఈ చిక్కు దశాబ్దాలపాటు వైద్యులను వేధించింది.

చాలాకాలం ఒకే జవాబు చెప్పేవారు. ఈ మందు ఇనుముతో చేరి కణంలో చురుకైన ఆక్సిజన్ అణువులను పుట్టిస్తుందని, అవి మైటోకాండ్రియాలను పాడుచేస్తాయని. మైటోకాండ్రియాలంటే కణానికి శక్తి తయారుచేసే భాగాలు. నిమిషం ఆగకుండా కొట్టుకునే గుండె కణంలో దాదాపు మూడో వంతు అవే ఉంటాయి. ఈ జవాబులో నిజం ఉంది గాని పూర్తి నిజం కాదు.

2012లో అమెరికాలో ఎడ్వర్డ్ యే బృందం ఎలుకల మీద చేసిన పరిశోధన కొత్త వెలుగు చూపింది. మెలికలు తీసే ఎంజైములో రెండు రకాలున్నాయి. చీలే కణాల్లో ఎక్కువగా ఉండేది ఆల్ఫా. గుండె కణంలో ఉండేది బీటా. డాక్సోరూబిసిన్ ఆల్ఫాను పట్టుకుంటే క్యాన్సర్ కణం చస్తుంది, బీటాను పట్టుకుంటే గుండె కణం డీఎన్ఏ తెగుతుంది, మైటోకాండ్రియాలను నిలబెట్టే జన్యువులు మూగబోతాయి. గుండె కణాల్లో బీటా లేకుండా చేసిన ఎలుకలకు ఇదే మందు ఇస్తే వాటి గుండె చాలావరకు తట్టుకుంది.

చర్మం కణం పోతే కొత్తది పుడుతుంది. గుండె కణం పోతే ఆ ఖాళీ దాదాపుగా అలాగే ఉండిపోతుంది. ఈ విడత కీమోలో కొన్ని, వచ్చే విడతలో కొన్ని పోతాయి. మిగిలినవి ఆ పని కూడా తామే చేస్తూ కొంతకాలం నెట్టుకొస్తాయి. అందుకే మందు ఎక్కించేటప్పుడు రోగికి ఏమీ తెలియదు. ఆయాసం, కాళ్ల వాపు నెలల తర్వాత రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. ఇంతకుముందు తీసుకున్న ప్రతి మోతాదూ గుండె మీద పడ్డ మొత్తంలో కలిసే ఉంటుంది, మధ్యలో పదేళ్లు గడిచినా సరే.

లెక్క ఎలా వేస్తారు

కీమో మోతాదు బరువును బట్టి మాత్రమే కాదు, ఒంటి చర్మం వైశాల్యాన్ని బట్టి లెక్కిస్తారు. కీమోకి ముందు ప్రతిసారీ ఎత్తూ బరువూ చూసేది అందుకే. 150 సెంటీమీటర్ల ఎత్తు, 54 కిలోల బరువున్న స్త్రీ వైశాల్యం సరిగ్గా ఒకటిన్నర చదరపు మీటర్లు. రొమ్ము క్యాన్సర్ ఏసీ పద్ధతిలో చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు. అంటే ఆమెకు ఒకసారికి 90 మిల్లీగ్రాములు, మందు ద్రవంగా చూస్తే 45 మిల్లీలీటర్లు. అలా 4 సార్లు.

ఆమె గుర్తుపెట్టుకోవాల్సిన సంఖ్య 60 నాలుగుసార్లు, అంటే 240. చదరపు మీటరుకు 240 మిల్లీగ్రాములు. ఇది ఆమె జీవితకాలపు మొత్తం. ఆర్-చాప్ 6 సార్లు తీసుకున్నవాళ్లకు 300. ఎముక క్యాన్సర్ పిల్లలకు తరచూ 450 దాకా వెళుతుంది.

ఈ సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం ఎలా పెరుగుతుందో 1979లో డేనియల్ వాన్ హాఫ్ బృందం దాదాపు 4 వేల మంది రికార్డులు తిరగేసి చెప్పింది. 400 దగ్గర నూటికి ముగ్గురికి గుండె వైఫల్యం. 550 దగ్గర ఏడుగురికి. 700 దగ్గర 18 మందికి. 2003లో శాండ్రా స్వెయిన్ బృందం 630 మందిని ఇంకా దగ్గరగా గమనించిన పరీక్షల లెక్కలు చూస్తే అంకెలు ఇంకా గట్టిగా వచ్చాయి: 400కి 5, 550కి 26, 700కి 48. ఒకప్పుడు 550 దాకా పోవచ్చనేవారు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు 450 దగ్గరే ఆగుతారు.

ఈ అంకెలు భయపెట్టడానికి కాదు. జాగ్రత్తగా చూడండి. ఏసీ తీసుకున్న ఆమె 240 దగ్గరే ఉంది, ప్రమాదం బాగా పెరిగే చోటికి చాలా దూరంలో. క్యాన్సర్‌ను వదిలేస్తే వచ్చే చేటుతో పోలిస్తే అది చిన్న ప్రమాదం. కాకపోతే సున్నా మోతాదుకు తప్ప సున్నా ప్రమాదం లేదు. పైగా అందరి గుండే ఒకటి కాదు. బీపీ ఉన్నవాళ్లు, ముందే గుండె జబ్బున్నవాళ్లు, 65 దాటినవాళ్లు, బాగా చిన్న పిల్లలు, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు తక్కువ మోతాదుకే దెబ్బతినొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్‌ను ఈ రకం మందుతో ఒకేసారి ఇస్తే నూటికి 27 మందిలో గుండె పనితీరు తగ్గిందని 2001లో తేలింది. అప్పట్నుంచి రెండింటినీ కలిపి ఇవ్వడం మానేసి, ఒకదాని తర్వాత ఒకటి ఇస్తున్నారు.

కాలేయం సంగతి కూడా ఈ లెక్కలోదే. ఈ మందును ఒంట్లోంచి పంపేది ఎక్కువగా కాలేయమే, పైత్యరసం ద్వారా. కామెర్లుంటే మందు లోపలే నిలిచి, ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఇచ్చినట్టు పనిచేస్తుంది. కామెర్లను చూపే బిలిరుబిన్ 1.2 దాటితే మోతాదు సగానికి, 3 దాటితే పావుకి తగ్గించాలి. కీమో నడుస్తుండగా ఎవరో చెప్పారని పసరు మందులు మింగేవాళ్లున్నారు. వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఏం వాడుతున్నా డాక్టరు దగ్గర దాచొద్దు.

గుండెను కనిపెట్టి ఉండడానికి టూడీ ఎకో పరీక్ష చేస్తారు. గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో అందులో తెలుస్తుంది. రిపోర్టులో ఈఎఫ్ అని ఉండేది అదే. మందు మొదలుపెట్టకముందే ఒక ఎకో ఉండాలి, లేకపోతే తర్వాత తగ్గిందో లేదో దేనితో పోల్చాలి? మిలాన్‌లో డానియేలా కార్డినాలె బృందం 2,625 మందిని ఏళ్ల తరబడి ఎకోతో గమనించి 2015లో ఫలితాలు ప్రకటించింది. గుండె పనితీరు తగ్గినవాళ్లు నూటికి 9 మంది. వాళ్లలో దాదాపు అందరికీ ఆ తగ్గుదల మొదటి ఏడాదిలోనే బయటపడింది. వెంటనే గుండె మందులు మొదలుపెడితే నూటికి 82 మంది కొంతైనా కోలుకున్నారు. పూర్తిగా మునుపటిలా అయినవాళ్లు 11 మందే. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ముందే ఎకోలో పట్టుకోవడం ఎంత విలువైందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

చేటు తగ్గించే దారులు కూడా ఉన్నాయి. చేతి పుండుకు విరుగుడని చెప్పుకున్న డెక్స్‌రజోక్సేన్‌నే మోతాదు పెరిగినవాళ్లకు గుండె రక్షణగా డాక్సోరూబిసిన్‌కు ముందు ఇస్తారు. ఇంకోటి, మందును అతి సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో పెట్టి పంపడం. వాటిని లైపోజోములంటారు. మందు అణువుతో పోలిస్తే పెద్దవైన ఈ బుడగలు గుండె కండరంలోకి సులువుగా దూరలేవు, నాళాలు లోపాలతో ఉండే గడ్డల్లోకి దూరగలవు. యెరూషలేములో బారెన్‌హోల్జ్, గబిజాన్ అనే శాస్త్రవేత్తల పని నుంచి వచ్చిన ఈ రకానికి 1995లో అమెరికా అనుమతి వచ్చింది. 2011లో అక్కడ దీనికి తీవ్రమైన కొరత ఏర్పడింది. రోగులు వరసలో ఎదురుచూడాల్సి వచ్చింది. 2012 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మన దేశపు సన్ ఫార్మా వారి లిపోడాక్స్‌ను దిగుమతి చేసుకోవడానికి అనుమతిచ్చింది. ఈ రకంతో గుండెకు చేటు తక్కువ గాని అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పగులుతాయి. వేడి నీళ్లతో అంట్లు తోమడం, బిగుతు చెప్పులు మానుకోవాలి. మామూలు ఎర్ర మందు, ఈ బుడగల మందు ఒకదానికొకటి బదులు కావు. మోతాదులు వేరు, పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి ఇస్తే ప్రాణాపాయం.

చేతిలో ఉండాల్సిన కాగితం

మన రాష్ట్రాల్లో క్యాన్సర్ వైద్యం ఒక్కచోట పూర్తవడం తక్కువ. జబ్బు బయటపడేది ఒక ఊళ్లో, ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో, కీమో ఆరోగ్యశ్రీ కింద ఇంకో ఆసుపత్రిలో. ఐదేళ్లకు ఇల్లు మారతారు, పాత ఫైళ్లు వానకు తడుస్తాయి, చెదలు పడతాయి. తర్వాతి డాక్టరు "ఇంతకుముందు ఏమిచ్చారు?" అంటే "ఎర్ర మందు ఎక్కించారండీ, నాలుగైదుసార్లు" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబుతో ఆయన ఏమీ చేయలేడు. క్యాన్సర్ తిరగబెడితే ఈ మందు ఇంకెంత ఇవ్వొచ్చో తేల్చేది ఇప్పటిదాకా తీసుకున్న మొత్తం మోతాదే. 240 తీసుకున్నామెకు ఇంకా వెసులుబాటు ఉంది, 450 తీసుకున్న కుర్రాడికి లేదు. డానోరూబిసిన్, ఎపిరూబిసిన్, ఇడారూబిసిన్ కూడా ఈ కుటుంబంవే. అవి తీసుకుని ఉంటే వాటినీ తగిన నిష్పత్తిలో ఇందులో కలపాలి.

కాబట్టి చివరి కీమో రోజున డిశ్చార్జ్ సమ్మరీలో నాలుగు సంగతులు రాయించుకోండి: మందు పేరు, చదరపు మీటరుకు మొత్తం మోతాదు, ఛాతీకి రేడియేషన్ ఇచ్చారా ఇస్తే ఏ పక్క, చివరి ఎకోలో ఈఎఫ్ ఎంత. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి. పిల్లలైతే పెరిగాక ఆ కాగితం వాళ్ల చేతికి ఇవ్వండి. చిన్నప్పటి జబ్బు సంగతి పెళ్లి సంబంధాలకు అడ్డమని దాచిపెట్టే ఇళ్లున్నాయి. ఊరికి చెప్పక్కర్లేదు గాని, ఆ పిల్లకు చెప్పకపోవడం మాత్రం ఆమెకు అన్యాయం.

ఎందుకంటే ఆరేళ్లప్పుడు రక్త క్యాన్సర్‌ను గెలిచిన పిల్ల పాతికేళ్లకు తల్లి కాబోతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, గుండె మామూలుకన్నా చాలా ఎక్కువ పని చేయాలి. చిన్నప్పుడు కొన్ని కణాలు పోగొట్టుకున్న గుండె ఆ భారం దగ్గరే తొలిసారి తడబడొచ్చు. మొత్తం మోతాదు 250 లేదా ఆపైన ఉన్నవాళ్లకు, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఈ భయం ఎక్కువ. మొదటిసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడే ఆ కాగితం చూపిస్తే, మొదటి నెలల్లోనే ఒక ఎకో తీయిస్తారు, అవసరమైతే గుండె డాక్టరును కలుపుకుని కాన్పు ఎక్కడ, ఎలా అన్నది ముందే ఆలోచిస్తారు. అలా కనిపెట్టి చూసుకున్నవాళ్లలో ఎక్కువమంది క్షేమంగా బిడ్డను కని ఇంటికి వెళుతున్నారు.